తడిసిన తాడు

ఆట అయిపోగానే ఊరంతా మైదానంలోకి ఉరికింది. సున్నం మాత్రం జనానికి ఎదురు నడిచి, మూలల్లో పాతిన జెండా కర్రలు పీకడం మొదలుపెట్టాడు. పీకకపోతే తెల్లారేసరికి అవి ఎవరి కోళ్ళగూటికో దడిగా మారిపోతాయి. ఊరి జట్టు గెలిచినంత మాత్రాన ఊళ్ళో దొంగలు ఓడిపోరని అతనికి తెలుసు.

సున్నం అనే పేరు అతనికి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ మైదానంలో గడ్డి కోసేదీ, నీళ్ళు పట్టేదీ, ఆట ఉన్న రోజున గీతల మీద సున్నప్పొడి పోసేదీ అతనే. గోళ్ళ సందుల్లో తెలుపు ఎంత తోమినా పోదు. పిల్లలు సున్నం బాబాయ్ అంటారు. పెద్దలు వట్టి సున్నం అంటారు. కోపం ముదిరితే ఇంట్లో భార్య కూడా అదే అంటుంది. ఊరు మొత్తం మీద ఆ పేరు నోటితో పలకనివాడు ఒక్కడే, సొంత తమ్ముడు. వాడికి అతను ఎప్పుడూ అన్నే.

ఆ తమ్ముడే ఇప్పుడు జనం భుజాల మీద ఊరేగుతున్నాడు. ఒంటి నిండా బురద. ఒక కాలి బూటు ఎవరో పీక్కుపోయారు. మోస్తున్నవాళ్ళలో సగంమంది ఈ ఏడాది మైదానం మొహం చూసినవాళ్ళు కారు. పోయినేడాది ఇదే గోలు ముందు వాడు తన్నిన పెనాల్టీ, అడ్డకర్ర మీదుగా ఎగిరి వెనక మురిక్కాలవలో పడింది. అప్పట్నుంచి వాడి పేరు ఆకాశం. మార్కెట్లో వాడు కూరగాయల బుట్ట భుజాన పెట్టుకుని పోతుంటే, "ఏరా ఆకాశం, బంతి ఇంకా కిందికి దిగలేదా?" అని అడిగినవాళ్ళే వీళ్ళంతా. ఆ మాటకొస్తే సున్నం కూడా తక్కువేమీ తినలేదు. ఆ పేరును ఇంటి గడప లోపలికి మోసుకొచ్చింది అతనే.

"సున్నం! చూశావా? రేవు జట్టుకు మట్టి కరిపించాం!" కారులోంచి కేకేశాడు ప్రెసిడెంటు. ఊరి జట్టయిన మార్కెట్ జట్టుకు ఆయన ప్రెసిడెంటు, మార్కెట్ వీధిలో సిమెంటు కొట్టుకు ఓనరు. బూట్లకు బురద అంటుతుందని ఆటంతా కారులోనే కూర్చుని చూశాడు. అద్దం కూడా సగమే దించాడు.

"మట్టికేం తక్కువ లేదులెండి," అన్నాడు సున్నం. "రాత్రి వాన కురిసిన పుణ్యాన అందరికీ సరిపడా ఉంది."

ప్రెసిడెంటు అది మెచ్చుకోలు అనుకుని నవ్వాడు.

సున్నం జెండా కర్రలు చంకన పెట్టుకుని షెడ్డు వైపు నడిచాడు. విజయమట! రేవు జట్టు ఏటా కప్పు ఇంటికి పట్టుకుపోయే జట్టు. ఇవాళ వాళ్ళు తన్నిన బంతి తగిలి తగిలి గోలు కర్రలకే జ్వరం వచ్చింది. మన గోల్ కీపరు చేపల కొట్టువాడు. వాడు కళ్ళు మూసుకుని చేతులు చాపితే, బంతే దారి వెతుక్కుంటూ వచ్చి చేతుల్లో వాలింది. ఆఖర్న రేవు ఆటగాడొకడు బురదలో జారి పడుతూ చెయ్యి ఆనిస్తే, బంతి పోయి పోయి ఆ చేతికే తగిలింది. రిఫరీ ఈల వేశాడు. తమ్ముడు పెనాల్టీ తన్నాడు. వాళ్ళ కీపరు సరైన వైపే దూకాడు. వేళ్ళ కొసలు బంతికి తగిలీ తగలనట్టు తగిలాయి. బంతి కర్ర లోపలి అంచుకు కొట్టుకుని వలలో పడింది. గుడ్డెద్దు చేలో పడ్డా ఇంతకంటే చూసి మేస్తుంది.

"అన్నా!" భుజాల మీంచి తమ్ముడు కేకేశాడు. "అన్నా, చూశావా?"

"చూశాన్లే," అన్నాడు సున్నం. "దిగి ఆ రెండో బూటు వెతుక్కో. కొత్తది కొనే మొగాడు ఈ గుంపులో లేడు."

&nbsp;

సోమవారం ఎండ బాగా కాసింది. ఊళ్ళోవాళ్ళు గొంతులు పోయి లేచారు. సున్నం మాత్రం రోజూ లేచే వేళకే లేచి, పార భుజాన వేసుకుని మైదానానికి వెళ్ళాడు.

ఆట తరవాత మైదానం చూస్తే జాతర్లో తప్పిపోయిన గేదెల మంద తొక్కినట్టుంది. బూట్లు లేపిన గడ్డి పెళ్ళల్ని అతను ఒక్కొక్కటే తిరగేసి, వేళ్ళతో కిందికి అదిమి, పాదంతో తొక్కి సర్దుతూ పోయాడు. గుంతల్లో దోసిలితో ఇసక పోశాడు. ఈ పనిని ఎవరూ చూడరు, చూసినా ఇది పనే అనుకోరు. గడ్డి దానంతటదే మళ్ళీ మొలుస్తుందని ఊరి నమ్మకం.

అలా సర్దుకుంటూ నిన్న పెనాల్టీ తన్నిన గోలు ముందుకు వచ్చి ఆగిపోయాడు.

బురద ఎండింది. నిన్న తను పోసిన పెనాల్టీ చుక్క తెల్లగా కనబడుతోంది. దాని వెనక, గోలుకు దూరంగా, ఇంకో గుండ్రటి మచ్చ. అది బోడి మచ్చ. ఏళ్ళ తరబడి ఒకేచోట సున్నం పోసి పోసి అక్కడ గడ్డి మాడిపోయింది. అదే ఎప్పటి చుక్క. మామూలుగా అయితే అతను తాడు పెట్టి కొలవడు, ఆ బోడి మచ్చ మీదే పొడి పోసేస్తాడు. గోలు ముందు పెట్టె గీతలకూ అంతే, పాత గాడి వెంట కంటితోనే పోతాడు. కానీ నిన్న పొద్దున ఆ మచ్చ ఉన్నచోట నీళ్ళు నిలిచి మడుగై ఉంది. మచ్చ కనబడక, షెడ్డు గోడకు మేకుకు తగిలించిన జనపనార తాడు తీసి, గోలు గీత దగ్గర్నుంచి లాగి, దూరానికి గుర్తుగా కట్టిన ఎర్రగుడ్డ ముడి ఎక్కడికి వస్తే అక్కడ చుక్క పెట్టాడు. షెడ్డు కప్పు కారి ఆ తాడు రాత్రంతా నానింది. నానిన తాడు కుదించుకుపోతుంది.

సున్నం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బోడి మచ్చ మీద మోచెయ్యి ఆనించి చెయ్యి చాపాడు. వేళ్ళ కొసలు కొత్త చుక్కకు తగిలాయి.

మూరెడు. ఊరు ఊరంతా గొంతు చించుకున్న విజయం, మూరెడు ముందుకు జరిగిన చుక్క పెట్టిన భిక్ష. కీపరు వేళ్ళు తగిలీ తగలకుండా పోయింది ఆ మూరెడు వల్లే.

అతను అక్కడే కూర్చుని తనలో తను నవ్వుకున్నాడు. భయం వెయ్యలేదు. ఈ సంగతి కనిపెట్టే కళ్ళు ఊళ్ళో ఉంటే కదా భయం! పైగా, ఎంతో కాలంగా తను చెబుతున్నదాన్ని భూమే సున్నంతో రాసి చూపించినట్టనిపించింది. దేన్ని ఎంతలో ఉంచాలో అంతలో ఉంచాలి.

మధ్యాహ్నం సెలూన్ ముందు నుంచి వస్తుంటే లోపల కుర్చీలో తమ్ముడు కనబడ్డాడు. మొహాన నురగ. చుట్టూ జనం.

"ఇవాళ మన హీరోకు గడ్డం ఊరికే!" అంటున్నాడు సెలూన్ ఆయన. "రేవు జట్టు మీద గోలు కొట్టిన మొహం మీద కత్తి పెట్టడం నా అదృష్టం."

"నిన్నటిదాకా వీడి తల అందరికంటే ఆఖర్నే కదయ్యా నువ్వు కత్తిరించింది?" గుమ్మంలోంచి అన్నాడు సున్నం.

"నిన్నటి మాట నిన్నటిది సున్నం. నువ్వెప్పుడూ ఇంతే, పెళ్ళికి పోయి అపశకునం పిల్లి కోసం వెతికే రకం. శనివారం ఇంకో ఆట ఉంది. అది కూడా గెలిస్తే ఇక కప్పు కోసం ఆడే ఆఖరి ఆటే! మీ తమ్ముడు మామూలోడు కాదు."

"ప్రెసిడెంటు గారు నన్ను పెద్ద జట్టువాళ్ళకు చూపిస్తానన్నారన్నా," అన్నాడు తమ్ముడు అద్దంలోంచి. నురగలోంచి కళ్ళు మెరుస్తున్నాయి.

సున్నం గుమ్మం దిగి నడిచాడు. మునగచెట్టు ఎక్కించేవాళ్ళకు లోటు లేదు. కొమ్మ విరిగినప్పుడు కింద చాపేది మాత్రం ఇంట్లో దుప్పటే.

&nbsp;

గురువారం తమ్ముడు కోల్డ్ స్టోరేజిలో పనికి చేరాలి.

ఆ పని ఊరికే రాలేదు. అక్కడి సూపర్‌వైజరు ఇంటి ముందు గడ్డిని సున్నం ఎండాకాలం నుంచీ ఆదివారం ఆదివారం ఊరికే కోసిపెట్టాడు. పొదలు గుండ్రంగా కత్తిరించాడు. ఆయన భార్య ఇంకా గుండ్రంగా కావాలంటే ఇంకా గుండ్రంగా కత్తిరించాడు. ఇప్పుడా ఉద్యోగం ఖాయమైంది, నెల నెలా జీతం. మార్కెట్లో బుట్టలు మోసీ మోసీ తమ్ముడి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. చొక్కా తొడుక్కునేటప్పుడు ఆ చెయ్యి ఎత్తలేక వాడు మొహం అటు తిప్పుకోవడం సున్నం చూస్తూనే ఉన్నాడు.

మంగళవారం అన్నాల దగ్గర తమ్ముడు కదిపాడు.

"అన్నా, గురువారం కాకుండా వచ్చే సోమవారం చేరతానంటే?"

"చెప్పు. అప్పటిదాకా బంగాళాదుంపలు నీ కోసం ఏడుస్తూ కూర్చుంటాయి."

"శనివారం ఆట ఉంది కదా. నేను లేకపోతే…"

"నువ్వు లేకపోతే బంతి గుండ్రంగా ఉండనంటుందా?"

"ఒక్క ఆటే కదయ్యా," అంది భార్య, తమ్ముడి కంచంలో కూర వేస్తూ. "ఆ సూపర్‌వైజరును ఒక్క మాట అడిగి చూడొచ్చు కదా. అన్ని ఆదివారాలు వాళ్ళింట్లో మేకలా గడ్డి కొరికావు."

"అడిగాను. మొదటి నెల సెలవు మాటెత్తితే గేటు బయట బోలెడుమంది ఉన్నారన్నాడు."

"ప్రెసిడెంటు గారు తన కొట్లోనే పని చూద్దామన్నారన్నా."

"చూద్దామన్నాడా? ఇస్తానన్నాడా?"

తమ్ముడు అన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"ఆయన మాటల్లో చూద్దామంటే చూడనని. పోయినేడాది మన గోల్ కీపరు చెయ్యి విరిగినప్పుడు కూడా చూద్దామన్నాడు. వాడు ఇప్పటికీ ఆ చేత్తోనే చేపలు కోస్తున్నాడు."

"ఈ మనిషి నోట్లోంచి మంచిమాట రావాలంటే ముందు పళ్ళు రాలాలి," అంది భార్య. "అబ్బాయ్, నువ్వు తిను. మీ అన్న పుట్టినప్పుడే సున్నం నాకి పుట్టాడు."

బుధవారం సాయంత్రం తమ్ముడు ప్రాక్టీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ఇటు చూడకుండానే అన్నాడు: "నేను రేపు వెళ్ళడంలేదన్నా. జీవితంలో ఒక్కసారి నా పేరు పెట్టి పిలిచారు. ఆకాశం అని కాదు, నా పేరు పెట్టి. శనివారం ఆడతాను. ఆ తరవాత ఏదైతే అదే అవుతుంది."

సున్నం కాసేపు వాడి భుజం వైపు చూశాడు. తరవాత గోడకున్న చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు.

"పద," అన్నాడు.

"ఎక్కడికి?"

"నీ విజయం ఎంత పొడుగో చూపిస్తాను."

మైదానంలో వెలుతురు ఇంకా ఉంది. సున్నం వాడిని గోలు ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాడు.

"ఇదేంటి?"

"పెనాల్టీ చుక్క," అన్నాడు తమ్ముడు.

"ఆదివారం నువ్వు తన్నింది ఇక్కణ్ణుంచే కదా. దాని వెనకున్నదేంటి?"

తమ్ముడు వంగి చూశాడు. బోడి మచ్చను వేలితో తడిమాడు. సున్నం చెప్పాడు: వాన, మడుగు, నానిన తాడు, ఎర్రగుడ్డ ముడి. చెబుతున్నంతసేపూ అతని గొంతు మామూలుగానే ఉంది. పళ్ళు రాలిన దువ్వెన గురించి చెప్పినట్టు చెప్పాడు.

తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని, సున్నం కూర్చున్నట్టే, మచ్చ మీద మోచెయ్యి పెట్టి చెయ్యి చాపాడు. వేళ్ళు చుక్క అంచుకు తగిలాయి.

"కీపరు వేళ్ళు తగిలాయన్నా ఆ రోజు," అన్నాడు మెల్లగా.

"తగిలాయి."

"మూరెడు వెనక నుంచి అయితే?"

"పట్టేసేవాడు."

తమ్ముడు లేచి, అరచేతికి అంటిన తెలుపును ప్యాంటుకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నాకేం పని?"

"సరే," అన్నాడు వాడు. గురువారం పొద్దున వదిన ఇచ్చిన ఉన్ని టోపీ, ఉన్ని చేతితొడుగులు సంచిలో పెట్టుకుని కోల్డ్ స్టోరేజికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ, "వస్తానన్నా," అన్నాడు ఎప్పటిలాగే.

సున్నం తృప్తిగా టీ తాగాడు. వాడి మేలు కోరి చేసిన పని. మంచి చేసే మందు తియ్యగా ఉండదు.

&nbsp;

శుక్రవారం ఆటల సంఘం నుంచి ఒక మనిషి వచ్చాడు. బక్కపల్చటివాడు. చేతిలో తోలు డబ్బాలో చుట్టిన ఇనుప టేపు. రేవు జట్టు ఓడిపోయాక ఈ మైదానం మీద అందరి కళ్ళూ పడ్డాయట. అందుకని శనివారం ఆటకు ముందు కొలతలు చూసి రమ్మన్నారట.

"ఇన్నేళ్ళలో ఎవరూ రాలేదు," అన్నాడు సున్నం.

"ఇన్నేళ్ళలో ఇక్కడ రేవు జట్టు ఓడిపోలేదు," అన్నాడు టేపు ఆయన.

అప్పుడు మాత్రం సున్నం చుక్క వైపు చూశాడు. చుక్క దొరికిపోతుంది. ఎవరు పెట్టారంటే తనే. టేపు కొస పట్టుకుని గోలు గీత మీద కూర్చున్నాడు. టేపు ఆయన వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి పెట్టె గీత దగ్గర వంగాడు. తల అడ్డంగా ఊపాడు. పక్కగీత దగ్గరకు పోయి వంగాడు. మళ్ళీ అడ్డంగానే ఊపాడు. ఆఖరికి చుక్క దగ్గర వంగి చాలాసేపు చూశాడు.

"ఈ గీతలన్నీ ఎవరు గీశారు?"

"నేనే."

"గీతలన్నీ బయటికి పోయాయి. చెరిపి రేపటికల్లా మళ్ళీ గియ్యాలి. చుక్క ఒక్కటే సరిగ్గా ఉంది."

సున్నం టేపు కొస వదిలేశాడు. అది సర్రున గడ్డిలో పాములా పాకుతూ పోయింది.

"ఏది సరిగ్గా ఉంది?"

"ఈ తెల్ల చుక్క. వెంట్రుకవాసి తేడా లేదు." టేపు ఆయన బూటు కొసతో బోడి మచ్చను తట్టాడు. "ఇదేంటి?"

"పాతది."

"పాతది తప్పు. దేంతో కొలిచేవాడివి?"

షెడ్డులోంచి తాడు తెచ్చాడు సున్నం. ఎండలకు ఆరి ఎప్పటిలా గరగరలాడుతోంది. టేపు పక్కన పరిచారు. ఎర్రగుడ్డ ముడి ఉండాల్సిన చోటు దాటిపోయి ఒక మూరెడు అవతల పడుకుంది.

"లాగీ లాగీ సాగిపోయింది," అన్నాడు టేపు ఆయన, కోపమేమీ లేకుండా. "జనపనార అంతే. తడిస్తే కాస్త దగ్గరికొస్తుంది, ఆరితే మళ్ళీ సాగుతుంది. దీన్ని పారేసి టేపు కొనుక్కో."

ఆయన వెళ్ళిపోయాక సున్నం తాడును చుట్టబోయి చుట్టలేక, అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంటే ఇన్నేళ్ళూ ఈ మైదానంలో అందరూ తన్నింది తప్పు చోటు నుంచి. పోయినేడాది తమ్ముడు తన్ని ఆకాశానికి పంపిందీ ఆ బోడి మచ్చ మీంచే. తాడు నానిన ఆ ఒక్క పొద్దునే చుక్క ఉండాల్సిన చోట ఉంది. ఆ చుక్క మీంచి, ఆ దూరం నుంచి, కీపరు సరైన వైపు దూకినా ఆపలేనంతగా వాడు తన్నాడు. వాన అదృష్టం. బురద అదృష్టం. చెయ్యి ఆనడం అదృష్టం. తన్నడం మాత్రం కాదు. అది వాడిదే.

సాయంత్రం తమ్ముడు పని నుంచి వచ్చాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. వేడినీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉంది పని?" అడిగాడు సున్నం.

"బాగుంది. బరువులు బండి మీద లాగడమే. భుజం మీద పడదు." వాడు నీళ్ళలో వేళ్ళు కదిలించాడు. "మైదానానికి ఎవరో వచ్చారట?"

మాట సున్నం నోటిదాకా వచ్చింది. చెబితే వీడు రేపు పనికి పోడు. పోకపోతే గేటు బయట బోలెడుమంది. ఆట అయిపోయాక చెబితే పోయేదేముంది? ఎలాగూ ఓడిపోయేదే.

"వచ్చాడు," అన్నాడు. "గీతలు మళ్ళీ గియ్యమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

&nbsp;

శనివారం మార్కెట్ జట్టు ఓడిపోయింది. మామూలుగా కాదు, కడిగి ఆరేసినట్టు ఓడిపోయింది. ఆట మొదట్లో, ఇంకా ఎవరూ గోలు కొట్టకముందు, మన జట్టుకే ఒక పెనాల్టీ దొరికింది. తమ్ముడి చోట ప్రెసిడెంటు బావమరిది ఆడుతున్నాడు. వాడు కొత్త బూట్లతో వచ్చి, కొత్త గీతల మధ్య, సరైన చుక్క మీంచి బంతిని నేరుగా కీపరు పొట్టలోకి తన్నాడు. చూస్తే పోస్టు అందించినట్టుంది. ఆ తరవాత అవతలివాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ గోలు మీద గోలు కొట్టారు.

సగం ఆటకే ప్రెసిడెంటు కారు వెళ్ళిపోయింది. జనం లేచి పోతూ పోతూ బూతులు వదిలి వెళ్ళారు. ఆదివారం ఊరేగించిన భుజాలే అవి. సున్నం అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. వారం తిరక్కుండానే ఊరు విజయాన్ని మూత్రంలా విదిలించుకుంది. ఇంతకంటే రుజువేం కావాలి? అతను జెండా కర్రలు పీకాడు. ఎందుకో ఈసారి ఒక్కటీ సులువుగా రాలేదు.

ఆదివారం గడ్డం మాసి సెలూన్‌కు వెళ్ళాడు. లోపల కాలు పెట్టగానే అందరూ ఒక్కసారి లేచి చప్పట్లు కొట్టారు.

"రా సున్నం, రా! అసలు గోలు కొట్టినోడివి నువ్వేనటగా!" సెలూన్ ఆయన కుర్చీని తువ్వాలుతో దులిపాడు. "కూర్చో. ఇవాళ నీకు ఊరికే."

"ఏంటిది?"

"ఇంకా దాస్తావేంటి? మార్కెట్లో మీ తమ్ముడే చెప్పాడు. నిన్న ఆడనందుకు అందరూ వాణ్ణి పట్టుకుని కడుగుతుంటే, 'నేనున్నా అంతే, ఆ గోలు నాది కాదు, మా అన్న తాడుది' అన్నాడు. చుక్క ముందుకు జరిపావటగా! రేవువాళ్ళ కళ్ళల్లో సున్నం కొట్టావు కదయ్యా!"

మొహాన నురగ పడింది. సున్నం నోరు తెరవబోతే బ్రష్షు పెదవుల మీదికొచ్చింది. బెంచీ మీద చేపల కొట్టువాడు తొడ కొట్టుకుని నవ్వుతున్నాడు. "నేను అప్పుడే అనుకున్నా, ఆకాశం తన్నితే బంతి నేలమీద పోవడమేంటని! అదన్నమాట సంగతి. పాపం, గడ్డం ఊరికే గీయించుకున్నాడు. ఆ గీకుడు డబ్బులు వసూలు చెయ్యవయ్యా!"

అప్పుడే గుమ్మంలో తమ్ముడు నిలబడ్డాడు. ఆదివారం కూడా వాడికి పని ఉంది. భుజాన సంచి. "అన్నా, వదిన గొడుగు ఇచ్చి రమ్మంది. వానొచ్చేలా ఉందని," అని గొడుగు గోడకు ఆనించాడు.

"రా ఆకాశం! మీ అన్న జరిపితే గానీ కొట్టలేకపోయావట్రా!"

తమ్ముడు నవ్వాడు. అలవాటైన నవ్వు. బుట్ట మోస్తూ నవ్వే నవ్వు. "అంతేగా మరి," అన్నాడు. "నాకంత సీనుందా?"

సున్నం అద్దంలో ఆ నవ్వు చూశాడు. బెంచీ మీద పళ్ళన్నీ చూశాడు. వారం కిందట వీడి బూటు ఎత్తుకుపోయినవాడు ఆ పళ్ళలో ఎవరో ఒకడు.

"ఆ చుక్క సరిగ్గానే ఉంది," అన్నాడు.

సెలూన్ ఆయన కత్తి ఎత్తి పట్టుకుని ఆగాడు. "ఏంటి?"

"సంఘం మనిషి ఇనుప టేపు పెట్టి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. తప్పుగా ఉంది పాత చుక్క. మూరెడు దూరం ఎక్కువ. పోయినేడాది వీడు తన్నిందీ ఆ మూరెడు దూరం నుంచే." పెదవుల మీది నురగ తుడుచుకున్నాడు. "ఆ గోలు వీడిదే. తాడుది కాదు."

ఎవరూ నవ్వలేదు. చేపల కొట్టువాడు బెంచీ కింద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. తమ్ముడు కదలకుండా నిలబడ్డాడు. మొహంలో మొదట ఏదో వెలిగింది. చిన్నప్పుడు పరీక్ష పాసైనప్పుడు వెలిగినట్టు. సున్నం దాన్ని అద్దంలో చూశాడు. అది నిలిచింది కొంచెంసేపే.

"టేపు ఆయన ఎప్పుడు కొలిచాడన్నా?"

ఇవాళ పొద్దున అనొచ్చు. నిన్న ఆట అయ్యాక అనొచ్చు. రెండు అబద్ధాలూ నాలుక మీదే ఉన్నాయి.

"శుక్రవారం," అన్నాడు సున్నం.

తమ్ముడు తల ఊపాడు. వేళ్ళు ముంచుకున్న వేడినీళ్ళ గిన్నె ఇద్దరికీ గుర్తొచ్చింది. వాడు సంచిలోంచి ఉన్ని తొడుగులు తీసి, వీధిలో ఉక్కపోస్తున్నా, ఒకటి తొడుక్కున్నాడు. రెండోది కూడా తొడుక్కున్నాడు. వేలు వేలూ సర్దుకున్నాడు.

"వస్తాను సున్నం," అని గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

అద్దంలో మొహం కళ్ళదాకా తెల్లగా ఉంది. సెలూన్ ఆయన రెండు వేళ్ళతో గడ్డం పైకెత్తి, గొంతు మీద కత్తి ఆనించాడు.

"కదలకు," అన్నాడు.

అతను కదల్లేదు.